నేలసాలీడునకు తగిన నివాసము

సాలీడనగానే మనలో పెక్కుమందికి చీపురు జ్ఞాపకము వచ్చును. పండుగ ముందు ఇంటి మూలలనున్న గూళ్ళను దులుపుట తప్ప దానితో మనకు వేరు పరిచయము లేదు. మా ఉర్దూ విభాగపు మిత్రులు దానిని మక్డీ యందురు. మేము సాలీడు, సాలెపురుగు అందుము. పేరు ఏదైనను చీపురు ఒక్కటే. అట్టి సాలీడును గాజుపెట్టెలో నుంచి, దానికి నీరు పెట్టి, ఇరువది యేండ్లు పోషించువారు లోకమున కలరని చెప్పినచో నవ్వు వచ్చుట సహజము. మాకును మొదట నవ్వే వచ్చినది. ఆ నవ్వు ఎట్లు ఆగిపోయినదో చెప్పి, ఆ పిమ్మట విషయములోనికి పోయెదము.

2018వ సంవత్సరమున మా జంతుశాస్త్ర విభాగపు పూర్వ విద్యార్థి యొకడు ఇంగ్లాండు నుండి మాకొక లేఖ వ్రాసెను. మెక్సికో దేశపు ఎర్రమోకాళ్ళ టారంటులా నొకదానిని కొన్నాననియు, దానికి ఎట్టి పెట్టె తగునో తెలుపవలసినదనియు అందు కోరెను. మేము ఆ జీవిని పుస్తకములోని బొమ్మగా తప్ప ఎరుగము. ఐనను గురువుల మను గౌరవమును నిలుపుకొనవలెను గదా! 'జీవికి ఎంత చోటిచ్చిన అంత మేలు. రెండడుగుల ఎత్తుగల చేపలతొట్టిని కొనుము. అడుగున గులకరాళ్ళు పరచి, ఎక్కుటకు ఒక కొమ్మను నిలుపుము' అని బదులు వ్రాసితిమి. అతడు పొల్లుపోకుండ అట్లే చేసెను. పండ్రెండవ నాటి ఉదయము చూడగా సాలీడు గులకరాళ్ళపై పడియుండెను. రాత్రివేళ గాజుగోడ నెక్కి జారిపడినది. ఉదరము పగిలి లోని ద్రవము రాళ్ళను తడిపినది. సాయంకాలమునకు ప్రాణము పోయినది. అతడు మమ్ము ఒక్క మాటయు అనలేదు. 'నేను చేసిన తప్పేమో తెలియజేయ ప్రార్థన' అని మాత్రము వ్రాసెను. తప్పు అతనిది కాదు. తెలియని విషయమున తెలిసినవారివలె మాటలాడిన మాది. ఆ తరువాత మేము చదివినదియు, అనుభవజ్ఞులైన పోషకుల వలన తెలిసికొన్నదియు, అతని రెండవ సాలీడు విషయమున సరిచూచుకొన్నదియు ఈ వ్యాసమున పొందుపరచుచున్నాము.

టారంటులా అను పేరు ఇటలీ దేశపు దక్షిణమునగల టారంటో పట్టణము నుండి వచ్చినది. ఆ పేరు మొదట పొందినది వేరొక జాతి, అచ్చటి పొలములలో తిరుగు తోడేలు సాలీడు. దాని కాటునకు నృత్యమే మందని పూర్వము అచ్చటి జనులు నమ్మిరి. ఐరోపావారు అమెరికా ఖండములకు పోయి, అరచేయంత వెడల్పు గలిగి ఒడలెల్ల రోమములు గల సాలీళ్ళను చూచి, తమకు తెలిసిన ఆ పేరునే వానికి తగిలించిరి. నేడు థెరఫోసిడే కుటుంబమునకు చెందిన వేయికి పైబడిన జాతులకు ఈ పేరు చెల్లుచున్నది. వీనిలో కొన్ని చెట్ల తొర్రలలో కాపురముండును. కొన్ని మూరెడు లోతు బొరియలలో బ్రతుకును. మరికొన్ని రాళ్ళక్రింద, వేళ్ళమధ్య చిన్న బొరియ చేసికొని, రాత్రి వేళ దాని వాకిట కూర్చుండి వేటకై కాచుకొనును. మా వ్యాసమునకు విషయమైన ఎర్రమోకాళ్ళ సాలీడు ఈ చివరి తెగలోనిది.

దీని జన్మస్థానము మెక్సికోకు పడమట పసిఫిక్ తీరమున నున్న పొడి అడవులు, పొదల నేలలు. చాలకాలము బ్రాకిపెల్మా స్మితీ అను పేరుతో అమ్ముడుపోయినది నిజమునకు రెండు జాతులనియు, వ్యాపారములో ఎక్కువగా కనబడునది బ్రాకిపెల్మా హమోరీ అనియు 2017లో శాస్త్రజ్ఞులు తేల్చిరి. పోషకునకు ఈ భేదముతో పెద్ద పని లేదు. రెండింటి అవసరములు దాదాపు ఒక్కటే. పెరిగిన ఆడది కాళ్ళు చాచినపుడు సుమారు 13 మొదలు 15 సెంటీమీటర్లుండును, అనగా మన లెక్కలో రెండు బెత్తెళ్ళు. నల్లని కాళ్ళపై మోకాళ్ళవద్ద నిప్పురంగు పట్టీలు కట్టినట్లుండును. స్వభావము నెమ్మది. చాల నిదానముగా పెరుగును. ఆడది ఇరువది యేండ్లకు మించి బ్రతుకగలదు. మగది యుక్తవయసు వచ్చిన పిదప ఎక్కువకాలము జీవింపదు.

ఇక పెట్టె విషయము. ఐతే పెట్టె కొలతలకు ముందు దేహపు నిర్మాణము తెలియవలెను. మేము మొదట చేసిన పొరపాటంతయు ఈ క్రమమును తలక్రిందులు చేయుటలోనే యున్నది.

సాలీడు దేహమున రెండు భాగములు కలవు. ముందుది శిరోవక్షము, దానికి గట్టి పెంకు కలదు, కాళ్ళన్నియు దానికే అంటియుండును. వెనుకది ఉదరము, ఇది పలుచని చర్మపు సంచి వంటిది. గుండె ఉండునది ఈ సంచిలోనే, వీపువైపున. పట్టుదారము తీయు అవయవములు, శ్వాసకు పనికివచ్చు పుస్తకపు పుటలవంటి ఊపిరితిత్తులు, జీర్ణకోశములో ఎక్కువ భాగము, అండకోశము అన్నియు ఇందే యున్నవి. ఇంతటి విలువగల సామాగ్రిని మోయు ఆ సంచికి కవచమన్నది లేదు. పైగా సాలీడు కాళ్ళు కదలు తీరు మన కాళ్ళవంటిది కాదు. కాలిని ముడుచుటకు దానికి కండరములు కలవు. కాని ముఖ్యమైన కొన్ని కీళ్ళను చాచుటకు లేవు. దేహమునందలి ద్రవమును ఒత్తిడితో కాళ్ళలోనికి పంపి వానిని చాచును. టిప్పరు లారీ వెనుకతొట్టి నూనె ఒత్తిడిచే పైకి లేచుట మన విద్యార్థులందరు చూచినదే, ఇదియు అట్టిదే. ఉదరము ఒకచోట చిట్లినచో ద్రవము కారిపోవును; ఒత్తిడి పోవును; కాళ్ళు చాచుటకు శక్తి చాలదు. చచ్చిన సాలీడు కాళ్ళు ముడుచుకొని యుండుటకు కారణము కూడ ఇదియే.

చెట్టుమీద బ్రతుకు సాలీడు తేలికగా, సన్నగా ఉండును, పడినను నిలద్రొక్కుకొనును. నేలసాలీడు అట్లు కాదు. దాని ఉదరము బరువైనది. దాని పాదములక్రింద నున్న మెత్తని రోమపు దిండ్ల వలన గాజుపై కూడ ఎక్కగలదు; ఎక్కుటయు మానదు. ఎక్కిన పిదప పట్టు తప్పును. అడుగు ఎత్తునుండి గట్టి నేలపై పడినను ప్రాణాపాయమే. మనిషికి మేడ ఎత్తెట్టిదో దీనికి రెండడుగుల తొట్టి అట్టిది. దాని అడుగున మేము గులకరాళ్ళు కూడ పరపించితిమి.

కావున నేలసాలీడు పెట్టెకు మొదటి నియమము ఎత్తు తక్కువ, నేల ఎక్కువ. పోషకులు పాటించు కొలత యిది. పెట్టె పొడవు సాలీడు కాళ్ళు చాచిన కొలతకు మూడింతలు, వెడల్పు రెండింతలు ఉండిన చాలును. మట్టిపై నుండి మూతవరకు గల ఖాళీ ఆ కొలతకు సమానముగా గాని, హెచ్చన్నచో ఒకటిన్నర రెట్లు గాని ఉండవలెను, అంతకు మించరాదు. 14 సెంటీమీటర్ల సాలీడునకు పొడవు 42, వెడల్పు 28, పై ఖాళీ 14 మొదలు 21 వరకు అని లెక్క వచ్చును. ఇంట 30 సెంటీమీటర్ల ఎత్తుగల పాత చేపలతొట్టి యున్నచో దానిని పారవేయనక్కరలేదు. 13 సెంటీమీటర్ల మందమున మట్టి నింపినచో ఖాళీ 17కు తగ్గును. ఎత్తును కోయుట కష్టము గాని నేలను పెంచుట ఎవరికైనను చేతనగును. ఈ ఉపాయము మాకు 2018లో తోచియుండినచో ఒక ప్రాణి బ్రతికియుండెడిది.

పెద్ద పెట్టె పెట్టినచో దయ చూపినట్లని మనుష్యులకు తోచును. నేలసాలీడు తన జీవితములో ఎక్కువ భాగము బొరియనుండి జానెడు దూరము దాటదు. విశాలమైన పెట్టె వలన పెద్దదానికి హాని లేదు గాని లాభమును లేదు. పిల్ల సాలీడునకు మాత్రము హాని కలదు. వేలిగోరంత పిల్లను పెద్ద తొట్టిలో విడిచినచో అది ఆహారమును కనుగొనలేదు, మనము దానిని కనుగొనలేము. పిల్లలను మూతకు సన్నని రంధ్రములు చేసిన చిన్న డబ్బాలలో ఉంచి, పెరిగినకొలది పెట్టెను మార్చుట వాడుక.

పెట్టెలో మట్టియే అసలు ఇల్లు. గాజు దాని గోడ మాత్రమే. అందుచేత మట్టిని గూర్చి కొంత విస్తరించి చెప్పవలసియున్నది. ఎక్కువమంది వాడునది కొబ్బరిపీచు తీయగా మిగిలిన పొట్టు. మన కోనసీమ త్రోవలలో దీని గుట్టలు చూచినవారు మన విద్యార్థులలో ఉందురు. అదే పొట్టును ఎండబెట్టి, ఇటుకలుగా అదిమి, ఓడలమీద పంపగా విదేశములవారు తోటలకును, ఇట్టి పెట్టెలకును కొనుచున్నారు. మా విద్యార్థి ఇంగ్లాండులో కొన్న ఇటుకపై భారతదేశపు ఉత్పత్తి యని ముద్రించి యుండెనట! 650 గ్రాముల ఇటుక నీటిలో నానినపుడు సుమారు ఎనిమిది లీటర్ల పొట్టుగా పొంగును. పైన చెప్పిన పెట్టెకు పదునైదు లీటర్లు కావలెను గావున రెండు ఇటుకలు సరిపోవును. సముద్రతీరపు పొట్టులో ఉప్పు ఉండవచ్చును. ఒకటి రెండు మారులు మంచినీట కడిగి పిండుట మంచిది.

ఒట్టి పొట్టు ఎండినపుడు పొడియై, బొరియ త్రవ్వినచో కూలిపోవును. కొంత తోటమట్టిని కలిపినచో పట్టు వచ్చును. ఐతే ఆ మట్టిలో ఎరువు గాని, పురుగుమందు గాని కలిసి యుండరాదు. మిరప, ప్రత్తి చేల మట్టిని ముట్టనేరాదు. సాలీడు కూడ మన దృష్టికి పురుగే కావున పురుగుమందు దానిని విడిచిపెట్టదు. గులకరాళ్ళు, ఒట్టి ఇసుక, దేవదారు వంటి వాసనగల చెక్కపొట్టు పనికిరావు. మొదటి రెండింటిలో త్రవ్వుటకు వీలులేదు; మూడవదాని వాసనలోని నూనెలు హాని చేయును.

మట్టి ఎంత తడిగా ఉండవలెను? పిడికిట పట్టి నొక్కినచో ముద్ద కావలెను. నీటి చుక్క రాలరాదు. ఈ పాకమున పెట్టెలో పోసి, చేతితో గట్టిగా అదుమవలెను. పై పొర తరువాత దానంతట అది ఆరిపోవును; ఆరనీయవలెను. ఎర్రమోకాళ్ళ సాలీడు పొడినేల ప్రాణి. పెట్టెలోపల ఆవిరిపట్టి గాజు చెమర్చునట్లు నీరు చల్లువారు కలరు, అది అనవసరము. తడి ఎక్కువైనచో బూజు పట్టును. (మన భాషలో సాలెగూటికిని బూజే, తడి వలన పుట్టు తెల్లని నూగునకును బూజే. ఒకటి సాలీడు ఇల్లు, రెండవది దాని ఇంటికి చేటు.) సాలీడు మట్టిపై కాలు మోపక రాత్రింబవళ్ళు గోడలకు అంటిపెట్టుకొని యున్నచో, తరచుగా దాని యర్థము నేల మరీ తడిగా ఉన్నదని. గోడ నెక్కిన సాలీడు పడు సాలీడని ముందే చెప్పితిమి. క్రొత్త ఇంటికి వచ్చిన మొదటి దినములలో ఎట్లును కొంత తిరుగును; వారములు గడిచినను దిగకున్నచో మట్టిని ఆరబెట్టి చూడవలెను.

దాగుటకు చోటు తప్పనిసరి. విదేశములలో బెండుచెట్టు బెరడును వాడుదురు. మట్టిపూలకుండీని నిలువున రెండుగా చీల్చి, ఒక ముక్కను సగము మట్టిలో పూడ్చినను అంతే ప్రయోజనము. పగిలిన అంచులను రాతిపై రుద్ది మొద్దు చేయవలెను. దానిక్రింద వేలితో చిన్న గుంట చేసి ఉంచినచో మిగిలిన త్రవ్వకమును సాలీడే చూచుకొనును. దాగు చోటు లేని సాలీడు ఎప్పుడును బెదరుచునే యుండును. చూపరులకు కనబడవలెనని దాగుచోటును తీసివేయువారికి మేము చెప్పునదేమనగా, కనబడుచుండవలసిన జీవి కావలసినచో చేపలను పెంచుకొనవచ్చును.

నీటికి లోతులేని చిన్న పళ్ళెము చాలును. నీరు మాత్రము ఎప్పుడును ఉండవలెను. ఒత్తిడితో నడచు దేహమునకు నీరెంత ముఖ్యమో వేరుగ చెప్పనక్కరలేదు. ఎండిపోవుచున్న సాలీడు కాళ్ళు మెల్లమెల్లగా లోనికి ముడుచుకొనును. అప్పుడు నీటి అంచున దానిని దింపినచో కోలుకొనుటయు కలదు. పళ్ళెములో స్పంజిముక్క వేయు పాత అలవాటు ఒకటి యున్నది. అందు సూక్ష్మజీవులు పెరుగుట తప్ప ఫలము లేదు.

మూత విషయమున రెండు భయములు కలవు. సాలీడు బయటికి పోవుట ఒకటి, గాలి ఆడకపోవుట రెండవది. శిరోవక్షము పట్టు సందు దొరికినచో మిగిలిన దేహమును మెత్తగా లాగికొని పోగలదు. పైగా బలమైన జీవి యగుటచే తేలికమూతను లేపగలదు. కావున గొళ్ళెము కావలెను. గాలికై ఇనుపజల్లెడ వంటి మూతను పెట్టుట మాత్రము తగదు. సాలీడు పాదముల కొసల సన్నని గోళ్ళు కలవు. తలక్రిందులుగా జల్లెడపై నడచునపుడు అవి కన్నములలో చిక్కుకొనును. విడిపించుకొనబోయి కాలు పోగొట్టుకొనును, లేదా పడిపోవును. అక్రిలిక్ పలకకు కాల్చిన మేకుతో సన్నని రంధ్రములు వరుసగా చేసి మూతగా వాడుట క్షేమము. పెట్టె ఎదురెదురు ప్రక్కలందు కూడ ఇట్టి రంధ్రములున్నచో గాలి అడ్డముగా ప్రవహించి బూజును దూరముగ నుంచును.

వేడి, వెలుతురులను గూర్చి చాల ఆర్భాటము జరుగుచుండును. మనకు హాయిగా నుండు గదియే దానికిని హాయి. 22 మొదలు 28 డిగ్రీల మధ్య నుండిన వేరు ఏర్పాటు అక్కరలేదు. దీపము అసలే వలదు. ఇది రాత్రి తిరుగు ప్రాణి. ఎనిమిది కన్నులున్నను చూపు మందము. కాళ్ళపై రోమములతో నేల అదురును, గాలి కదలికను గ్రహించి బ్రతుకును. అందుచేత పెట్టెను రిఫ్రిజిరేటరు మీద గాని, పాటలపెట్టె ప్రక్కన గాని ఉంచుట దానిని నిరంతరము భయపెట్టుటయే. చలిదేశములలో పెట్టె అడుగున వేడిపలకను పెట్టువారు కలరు. ఆలోచించి చూడుడు: ఎడారిలో గాని పొదలలో గాని వేడి పైనుండి వచ్చును, ప్రాణి చల్లదనమునకై క్రిందికి త్రవ్వును. అడుగునుండి వేడి వచ్చినచో తప్పించుకొనబోయి మరింత వేడిలోనికి పోవును. చలి తప్పనిచోట పలకను ఒక ప్రక్కగోడకు, ఉష్ణనియంత్రకముతో కలిపి పెట్టవలెను. ఎండ తగులు కిటికీ వద్ద గాజుపెట్టె నుంచుట ఎక్కడను తగదు. మన కర్నూలు, గుంటూరు మే మాసపు మధ్యాహ్నములను తలచుకొన్నచో ఈ మాట వేరుగ వివరింప నక్కరలేదు.

ఒక పెట్టెకు ఒక్కటే సాలీడు. రెండింటిని ఉంచినచో త్వరలోనే ఒక్కటి మిగులును.

ఆహారము పెట్టెకు సంబంధించిన విషయము కాదని తోచును గాని కాదనుటకు వీలులేదు. బ్రతికియున్న ఇలకోళ్ళు, బొద్దింకలు దీని ఆహారము. ఇంట తిరుగు బొద్దింకను పట్టి వేయరాదు. అది ఏ మందు తిని వచ్చినదో తెలియదు. దోమల చుట్టలు, మందుల పొగలు కూడ ఆ గదిలో కూడవు. తినని ఇలకోడిని మరునాటికి తీసివేయవలెను. దీనికి కారణమిది. సాలీడు కుబుసము విడుచునపుడు వెల్లకిల పడుకొని గంటలకొలది కదలక యుండును. తెలియనివారు చచ్చినదనుకొని పారవేసిన సందర్భములు కలవు. ఆ సమయమున దాని చర్మము, కోరలు సైతము మెత్తన. మిగిలిపోయిన ఇలకోడి అప్పుడు దానిని కొరికి తినగలదు; వేటగానిని వేట తినుట యన్న మాట. కుబుసమునకు ముందు వారములు, ఒక్కొక్కప్పుడు నెలలు తిండి మానివేయును. విడిచిన పిదప తెల్లని కోరలు మరల నల్లబడువరకు ఆహారము వేయరాదు. ఈ కాలమున పెట్టెను కదల్చుటయు దోషమే.

చేత పట్టుకొనుట ఎందుకని అడుగువారికి మా బదులు కూడ అదే ప్రశ్న: ఎందుకు? సాలీడునకు దాని వలన సంతోషము లేదు. చేతినుండి పడినచో కథ మనకు తెలిసినదే. అమెరికా ఖండములకు చెందిన పెక్కు జాతులు బెదరినపుడు ఉదరముపై నున్న ముండ్లవంటి సన్నని రోమములను వెనుకకాళ్ళతో రాల్చి విసరును. చర్మముపై పడినచో దురద. కంటిలో పడినచో అంతకంటె తీవ్రము. ఇంగ్లాండులోని లీడ్సు నగరమున ఒకరు తన చిలీ దేశపు సాలీడు పెట్టెను శుభ్రపరచుచుండగా రోమములు కంటిలోనికి గ్రుచ్చుకొని చాలకాలము బాధపడిన వృత్తాంతము 2009 నాటి వైద్యపత్రికలలో వచ్చినది. కావున పెట్టెను కడుగునపుడు కళ్ళద్దములు, చేతితొడుగులు ధరించుట, పొడవైన పటకారు వాడుట పిరికితనము కాదు. ఆసియా జాతులకు ఈ రోమములు లేవు. వానికి కాటే ఆయుధము, దాని బాధయు ఎక్కువ.

ఇక్కడ మన నేలను గూర్చి ఒక మాట చెప్పక తప్పదు. అనంతపురము జిల్లా గుత్తి పేరు సాలీళ్ళ ప్రియుల లోకమున మారుమ్రోగుచున్నది. 1899లో పోకాక్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు గుత్తి రైల్వే కలప అడితిలో దొరికిన నీలిరంగు సాలీడును వర్ణించి పిసిలోథేరియా మెటాలికా అని పేరిడెను. ఆ తరువాత నూరేండ్లకు పైగా అది శాస్త్రజ్ఞుల కంట పడలేదు. 2001లో నంద్యాల, గిద్దలూరుల నడుమ అడవిలో మరల కనబడినది. గుత్తికి అది కట్టెలతో పాటు రైలుబండిలో వచ్చియుండునని నేటి అభిప్రాయము. తీవ్రముగ అంతరించు ప్రమాదము నెదుర్కొను జాతిగా 2008లో దానిని గుర్తించిరి. అడవి తరిగిపోవుటయు, వ్యాపారమునకై పట్టుకొనుటయు ఇందుకు హేతువులు. అది చెట్టుతొర్రల ప్రాణి. దానికి ఎత్తైన పెట్టె కావలెను, నేలసాలీడునకు సరిగా వ్యతిరేకము. మేము 2018లో వ్రాసి పంపిన సలహా అన్నివిధముల తప్పు కాదు. గుత్తి సాలీడునకు కొంతవరకు సరిపోయెడిది! ఐతే అడిగినది ఆ సాలీడును గూర్చి కాదు గదా.

మన పొలము గట్లలోను, కొండవాలులలోను బొరియలు చేసికొను నేలసాలీళ్ళు కూడ కలవు. విద్యార్థులు ఈ వ్యాసము చదివి వానిని త్రవ్వి తెచ్చి తొట్లలో ఉంచరాదని మా విన్నపము. బొరియ వాకిట చుట్టు అల్లిన పట్టును చూచి గుర్తించి, నోటుపుస్తకమున వ్రాసికొని, దూరముగ కూర్చుండి చూచుటలోనే చదువు ఉన్నది. విదేశీ జాతులకును చట్టము వర్తించును. ఎర్రమోకాళ్ళ సాలీడు 1985లోనే సైట్స్ అనబడు అంతర్జాతీయ వ్యాపార ఒప్పందపు రెండవ అనుబంధములో చేరినది. దాని ప్రజాతి యంతయు 1994లో చేరినది. మన వన్యప్రాణి సంరక్షణ చట్టమునకు 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినది. ఆ సవరణ ప్రకారమును, 2024 ఫిబ్రవరిలో వెలువడిన నియమముల ప్రకారమును, ఆ ఒప్పందపు పట్టికలోని జీవులను మన దేశమున ఉంచుకొనువారు వానిని ప్రభుత్వమునకు తెలిపి నమోదు చేయించుకొనవలెను. పత్రములు లేని జీవిని కొనుట యన్నది అడవినుండి దొంగిలించినవాని చేతిలో డబ్బు పెట్టుట కావచ్చును.

కళాశాల పాలకసంఘము వారికిని ఈ సందర్భమున ఒక సంగతి జ్ఞాపకము చేయుదుము. మా ప్రయోగశాలలో ఇట్టి సాలీడు నొకదానిని చట్టప్రకారము తెచ్చి పెంచుటకు అనుమతి కోరుచు మేము ఒకప్పుడు దరఖాస్తు పెట్టితిమి. 'వేసవి సెలవులలో దీనికి నీరు పెట్టువారెవరు?' అని సంఘములోని పెద్దలొకరు అడిగిరి. మేము ఒకరి ముఖము లొకరము చూచుకొని దరఖాస్తును వెనుకకు తీసికొంటిమి. అప్పుడు కొంత చిన్నబుచ్చుకొన్న మాట నిజము. ఇప్పుడు ఆలోచింపగా ఆ ప్రశ్న మా పుస్తకములన్నిటికంటె పెద్దదని తోచుచున్నది. మూడేండ్లు చదివి వెళ్ళిపోవు విద్యార్థి, బదిలీ కాగల అధ్యాపకుడు, ఇరువది యేండ్లు బ్రతుకు సాలీడు. ఈ లెక్క కుదురునది కాదు. దానికి బదులుగా ఖాళీ గాజుపెట్టె నొకదానిని పై కొలతల ప్రకారము తయారుచేసి, మట్టి నింపి, కుండీముక్కను పూడ్చి ప్రయోగశాలలో ఉంచినాము. లోన సాలీడు లేదు. ఐనను చూచినవారందరు మొదట వంగి కుండీ క్రింద వెదకుచునే యున్నారు.

మా పూర్వ విద్యార్థి 2019లో రెండవ సాలీడును తెచ్చుకొనెను. ఈమారు సలహా వ్రాయుటకు ముందు మేము ఆరు వారములు గడువు కోరితిమి. పాత తొట్టినే సగమునకు పైగా పొట్టు, మట్టి కలిపి నింపెను, కొమ్మను తీసివేసెను, గులకరాళ్ళను పూలకుండీలో పోసెను. క్రొత్త సాలీడు మొదటి మూడు దినములు గోడలవెంట తిరిగెనట. నాలుగవనాడు దిగి కుండీముక్క క్రింద త్రవ్వుట మొదలుపెట్టినది. త్రవ్విన మట్టినంతయు మోసికొనివచ్చి నీటిపళ్ళెములో పోయుచున్నదనియు, ప్రతి ఉదయము దానిని కడిగి పెట్టుటతో తనకు సరిపోవుచున్నదనియు, ఇందుకు ఉపాయమేమైన కలదా యనియు అతడు అడిగెను. పళ్ళెమును బొరియకు ఎదురుమూలకు జరుపుమని వ్రాసితిమి. జరిపెను. సాలీడు అచ్చటికిని మోసికొనిపోయి పోసినది. నేటికిని ఆ పళ్ళెమును అతడు ప్రతి ఉదయము కడుగుచునే యున్నాడు.